ఆముదం తాగిన పుల్లలు

ఏ వస్తువు చేతికొచ్చినా దానికి కాస్త నూనె పట్టిస్తే తప్ప ధర్మయ్యకు తృప్తి ఉండదు. తలుపు కిర్రుమంటే ఆముదం, కత్తెర మొండికేస్తే ఆముదం, చెప్పు కరిస్తే ఆముదం. తనను కూడా ఏదో ఒకనాడు ఆముదంలో ముంచి ఎండలో ఆరేస్తాడని ఆయన భార్య యాదమ్మ ఎకసెక్కాలాడుతుంది. ఆమెను అని లాభం లేదు. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో నూలును ఆముదంలోనూ, ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీళ్లలోనూ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, ఆ తర్వాతే రంగుకు పంపుతున్నారు. ఆ నూలుతో నేసిన రుమాలు పీలికలయ్యే దాకా ఉతికినా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. రామన్నపేట చుట్టుపక్కల మగ్గాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి గానీ, నూలుకు అంత చాకిరీ చేసే ఓపిక మిగిలింది ధర్మయ్యకే. ఆ ఓపికే ఆయన గర్వం. ఆ గర్వమే ఈసారి కొంప ముంచింది.

ఆయన కూతురు మానసకు మగ్గం గిట్టదు. గుంతలో కూర్చుంటే ఊపిరాడదంటుంది. ఆమె ఊపిరంతా విలువిద్యలోనే ఉంది. అందులో విల్లూ బాణాలూ అచ్చంగా వెదురుతోనో కట్టెతోనో చేసినవే వాడాల్సిన పోటీ ఒకటుంది. మానస ఆడేది అదే. పోయిన ఏడు జిల్లా సెలెక్షన్ రోజున జల్లు పడితే ఆమె బాణపు పుల్లలు తడి పీల్చి వంకర్లు పోయాయి. ఒకటి కుడికి పోతే ఒకటి ఎడమకు పోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ ఏడు దాటితే ఆమె ఈడు మించిపోతుంది, ఆ పోటీలో మళ్లీ నిలబడనివ్వరు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అందుకే ఈసారి ఆమెకు నేర్పించే జాషువా సార్ కొత్త పుల్లలు తెప్పించి, తానే ఇంటికి పట్టుకొచ్చాడు. ఆయన సర్కారు బడిలో ఆటల పంతులు. తండ్రి కట్టంగూర్ దిక్కు పొలాల్లో కూలి చేసి ఆయనను చదివించాడు. సార్ కూతురు గ్లోరీ, మానస ఒకే తరగతి, ఒకే పోటీ. ఇద్దరి చేతుల పొడవు కూడా ఒకటే కావడంతో సార్ ఇద్దరి పుల్లలూ ఒకే కొలతకు కోయించాడు.

"రెండు తీర్ల పూతలున్నయన్నా," అన్నాడు జాషువా, మగ్గం పక్కన పీట మీద కూర్చుని. "లక్క పాలిష్ అయితే జల్దిన ఆరుతది. గని తడి తగిలిందంటే తెల్లగ పాలిపోతది. ఈ వానలు ఇడిసేటట్టు లేవు, అందుకే వార్నిష్ తెచ్చిన. గ్లోరీ పుల్లలకు గిదే పూస్తున్న." తన డబ్బాలోంచి సీసాలోకి వంచుకొచ్చిన వార్నిష్ చూపించాడు. "పల్చగ ఒక పూత. ఆరినంక గరుకు కాగితంతోని సాపు చేసి ఇంకో పూత. మల్ల ఇంకోటి. అంతే."

ధర్మయ్య ఒక పుల్లను వేళ్ల మధ్య దొర్లించాడు. "కట్టెకు ముందుగాల నూనె పట్టియ్యద్దా సార్? పైన పూసింది పైననే ఉంటది. లోపల ఏదన్న ఉంటెనే గద తడి లోపలికి పోదు?"

"పట్టిచ్చేటోళ్లు ఉన్నరు. అవిసె నూనె పెడ్తరు. గని అది ఆరాల్నంటె శాన దినాలు కావాలె. ఆదివారమే సెలెక్షనాయె. ఒట్టి వార్నిష్ సాలన్నా. ఆరినంక నాకు తెచ్చియ్యి, ఈకలు, ములుకులు నేను పెడ్త."

"బాపూ, సార్ చెప్పినట్టె చెయ్యి," అంది మానస బ్యాగు సర్దుకుంటూ. ఆమె, గ్లోరీ కలిసి నల్గొండలో శిబిరానికి పోతున్నారు, శుక్రవారం దాకా రారు. "నీ తెలివి జర పక్కకు పెట్టు." అని నవ్వింది. "గని నీ చెయ్యి మాత్రం పెట్టు. నీ లెక్క సాపుగ పూసేటోళ్లు ఎవ్వరు లేరు."

ఆ మాటకు ధర్మయ్య పొంగిపోయాడు. కూతురు ఆడే ఆటలో ఆయనకు ఇంతవరకూ చోటు లేదు. మైదానానికి పోతే ఎక్కడ నిలబడాలో తెలియదు, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియదు. పక్కవాళ్లను చూసి కొడతాడు. ఇన్నాళ్లకు ఆ ఆటలోంచి ఒక పని ఆయన ఒళ్లో వచ్చి పడింది. అది కూడా కట్టెకు పూత పట్టించే పని. నూలుకు నూనె పట్టించేవాడికి అంతకంటే ఏం కావాలి!

పిల్లలు బస్సెక్కిన పూటే పుల్లలను గరుకు కాగితంతో గాజుగోలీల్లా నున్నగా చేశాడు. వార్నిష్ సీసా మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు. ఉత్త కట్టె మీద ఉత్త పూత పూయడానికి ఆయనకు చేతులు రాలేదు. నూనె తాగని నూలుకు రంగు అంటించినట్టే అనిపించింది. సార్ కాదన్నది నూనెను కాదు, టైం లేదన్నాడంతే అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. అవిసె నూనె ఇంట్లో లేదు, ఆముదం ఉంది. నూనె నూనే కదా అనుకున్నాడు.

అక్కడే పడింది దెబ్బ. కొన్ని నూనెలు గాలికి గట్టిపడి పొర కడతాయి. కొన్ని ఎన్నాళ్లున్నా నూనెలాగే ఉంటాయి. ఆముదం ఆ రెండో జాతిది. నూలు విషయంలో ఆ తేడాతో పని పడదు. బూడిద నీళ్లు, పిసుకుడు, ఎండ అన్నీ కలిసి అక్కడ నూనె సంగతి చూసుకుంటాయి. కట్టెను పిసికేదెవరు? ధర్మయ్యకు ఇవేవీ తట్టలేదు. ఆముదం గోరువెచ్చగా కాచి, పాత రుమాలు ముక్కతో ఒక్కో పుల్లకూ ప్రేమగా రుద్దాడు. కట్టె నిగనిగలాడింది. పైపైన తుడిచి, దూలానికి దారాలతో వేలాడదీసి, మర్నాడు దాని మీద వార్నిష్ మొదటి పూత వేశాడు. యాదమ్మను పిలిచి చూపించాడు కూడా. "అద్దం లెక్క ఉన్నయ్," అందామె. నూనె సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే నవ్వుతుందని చెప్పలేదు, అంతే.

తెల్లారి వేలితో తాకితే పుల్ల వేలికి అంటుకుని వచ్చింది. ముసురు కదా, ఆరలేదనుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. బొగ్గుల కుంపటి రాజేసి కింద పెట్టాడు. వేడికి పూత ముడతలు పడి, లోపలి నూనె చెమటలా పైకి ఉబికింది. అప్పుడు తెలిసింది ధర్మయ్యకు తానేం చేశాడో. 

అదే పూట జాషువా ఫోన్ చేశాడు. "ఆరినయా అన్నా?"

"ఆరుతున్నయ్ సార్. ముసురు గద."

"నాయి ఆరినయే! సరే, రేపు తెచ్చియ్యి."

ధర్మయ్య తీసుకెళ్లి ఇవ్వలేదు. ఆ రోజే నిజం చెప్పి ఉంటే జాషువా ఎక్కడినుంచో పుల్లలు తెప్పించి ఉండేవాడేమో. కానీ వద్దన్న పని చేశానని చెప్పడానికి ధర్మయ్యకు ముఖం చెల్లలేదు. తన చేతి తప్పును తన చేత్తోనే దిద్దుకుందామనుకున్నాడు. నూలులో నూనె ఎక్కువైతే ఏం చేస్తారు? బూడిద నీళ్లలో ముంచుతారు. పుల్లలను కూడా ముంచాడు. నూనె పోలేదు గానీ వార్నిష్ పొలుసులు పొలుసులుగా లేచింది, కట్టె నూగు తేలింది, కొన్ని పుల్లలు నడుము వంచాయి. ఆరబెట్టి చూస్తే ఒళ్లంతా బూడిద మచ్చలు. అవి కనపడకుండా సీసాలో మిగిలిన వార్నిష్ మొత్తం వాటి మీద పూసేశాడు. మొదటిది తెలియక చేసిన తప్పు. ఇది మాత్రం తెలిసి చేసిందే.

శుక్రవారం సాయంత్రం మానస వచ్చింది. చెప్పులు విడవకుండానే దూలం కిందికి పోయి ఒక పుల్ల పట్టుకుంది. వేలిముద్ర పూత మీద దిగబడిపోయింది. ఇంకోటి పట్టుకుంది. ఇంకోటి.

"ఏం పూసినవ్ బాపూ?"

"సార్ ఇచ్చిందే."

అబద్ధం కాదు. సార్ ఇచ్చింది కూడా పూశాడు.

మానస అక్కడే కూలబడిపోయింది. గ్లోరీ పుల్లలు ఆమె దారిలోనే చూసి వచ్చింది. అవి గాజులా ఆరి, ఈకలు కూడా పెట్టించుకుని సిద్ధంగా ఉన్నాయి. ఆ సంగతి ఆమె చెప్పగానే యాదమ్మకు చిర్రెత్తింది. "ఆయన బిడ్డకేమో మంచిది ఉంచుకుండు. మనకేమో డబ్బాల అడుగున మిగిలింది సీసాల పోసిచ్చిండు. గీ ఇద్దరి మధ్యనే గద పోటీ!"

"సార్ గట్ల చెయ్యడమ్మా," అంది మానస. అని, ఫోన్ చేసింది. అవతల జాషువా ఏమన్నాడో ధర్మయ్యకు వినపడలేదు. కూతురి మొహం ఎర్రబడటం మాత్రం కనిపించింది. "బాపు ఏమన్న కలిపిండేమో అడుగు అంటున్నవా సార్? మా బాపు చేతిని అనకు. ఆ చేతిల పని పాడయిందని ఇంతవరకు ఒక్కరన్న అనలే." ఫోన్ పెట్టేసింది. తండ్రి వైపు చూసింది, నిన్ను అననిస్తానా అన్నట్టు.

ఆ చూపుకు ధర్మయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.  ఇప్పుడు చెబితే ఆ చూపు మళ్లీ తన మీద పడదు. ఆయన భయమంతా అదే. పుల్లలు పోతే పోయాయి, కూతురి దృష్టిలో ఆ చేతి విలువ అలాగే ఉండాలి. సిగ్గుమాలిన ఆశ అని ఆయనకే తెలుసు, అయినా వదులుకోలేకపోయాడు.

శనివారం యాదమ్మ తమ్ముడు దయాకర్ దిగాడు. భువనగిరిలో ఓ ఆఫీసులో పని, నలుగురిలో మాట్లాడే అలవాటు. అక్క చెప్పిందంతా విని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వాళ్ల సంగతి నాకు ఎరుక లేదా బావా? జర పైకొచ్చిన్రంటె వాళ్లోళ్లనే చూసుకుంటరు. రేపు అక్కడనే పెద్దల ముంగట పెడ్త. మల్ల ఏ పిల్లకు నేర్పకుంట చేస్త."

'వాళ్లు' అన్న మాటలో ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మొన్న తమ ఇంట్లో పీట మీద కూర్చుని నీళ్లు తాగిన జాషువాను ధర్మయ్య తలచుకున్నాడు. తలచుకుని, లేచి మగ్గం గుంతలోకి దిగాడు.

అలా దిగిన కాసేపటికే గ్లోరీ వచ్చింది. చేతిలో బాణాల కట్ట. వాకిట్లోనే నిలబడి మానసను పిలిచింది. "నాయి, నీయి ఒకటే కొలత గదనే. గీ కొత్తయి నువ్వు తీస్కో. నా పోయినేటి బాణాలు నాకున్నయ్."

"మీ నాయిన పంపిండా?" అంది మానస. "చేసిన తప్పు కప్పుకోనీకి?"

గ్లోరీ కళ్లలో నీళ్లు తిరిగాయి. బాణాలు గుండెకు ఆనించుకుని వెనక్కు తిరిగి వెళ్లిపోయింది.

గుంతలో ధర్మయ్య కాళ్లు కదలలేదు. ఆయన కూర్చున్న చోటికీ వాకిలికీ మధ్య ఒక్క తలుపు, అదీ తెరిచే ఉంది. ఒక్క కేక వేస్తే ఆ పిల్ల ఆగేది. వేయలేదు. ఆ తర్వాత పేక దారం మోసుకుపోయే నాడె విసిరాడు గానీ అది పట్టాల్సిన చోట పట్టక దారం తెగింది. తెగిన దారాన్ని చూస్తూ పొద్దుగూకే దాకా అలాగే కూర్చున్నాడు.

ఆదివారం భువనగిరి మైదానంలో ముసురు ఆగింది గానీ గాలి మాత్రం తిరుగుతోంది. మానస పాత బాణాలు ఎవరెవరివో అడిగి తెచ్చుకుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. దయాకర్ అన్నంత పనీ చేశాడు. పోటీ పెద్దగా కూర్చున్న వీరేశం అనే ముసలాయన ముందు పాడైన పుల్లలు పరిచి గొంతు పెంచాడు. "చూడున్రి సార్. సొంత బిడ్డ కోసం ఊరి బిడ్డ నోట్ల మన్ను కొట్టిండు ఈయన." చుట్టూ జనం మూగారు. పిల్లలను తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

జాషువా ఒక పుల్ల తీసుకున్నాడు. గోటితో పూత గీరి, గీరిన చోట ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఏదో మారింది. పుల్లను మెల్లగా బల్ల మీద పెట్టేసి, ధర్మయ్య వైపు చూశాడు. ధర్మయ్యకు అర్థమైపోయింది, ఆయనకు తెలిసిపోయిందని. ఇప్పుడు జాషువా నోరు విప్పితే చాలు. ఆయన విప్పలేదు.

"పూసింది నువ్వేనా?" అని వీరేశం ధర్మయ్యను అడిగాడు. "ఇందుల ఇంకేమన్న కలిపినవా?"

"మా బాపు ఏం కలపలే," అంది మానస.

"అన్ననే చెప్పనీ బిడ్డా," అన్నాడు జాషువా. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ధర్మయ్యకు ఎదురు తిరగడానికి ఏదైనా దొరికేది.

"ఆముదం పెట్టిన," అన్నాడు ధర్మయ్య. తన గొంతు తనకే వేరేవాళ్లదిలా వినిపించింది. "సార్ వద్దన్నడు. ఒట్టి వార్నిష్ సాలన్నడు. నేనే ఇనలే. నూలుకు పెట్టినట్టు పెట్టిన. ఆరకపోతే బూడిద నీళ్లల్ల ముంచిన. మచ్చలు కనవడకుంట మల్ల వార్నిష్ పూసిన. సార్ ఇచ్చింది మంచిదే. సార్‌ది ఏం తప్పు లేదు."

దయాకర్ బావ మోచెయ్యి పట్టుకుని గుంజాడు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. ధర్మయ్య వాళ్లెవరినీ చూడలేదు. మానస ఏడుస్తుందనుకున్నాడు, అరుస్తుందనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు.

"నూనె పెట్టినందుకు నాకేం కోపం లేదు బాపూ," అంది. "నిన్న నేను గ్లోరీని గట్ల అన్నప్పుడు నువ్వు మగ్గంలనే ఉన్నవ్."

ధర్మయ్య ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"బయటికి పో. నువ్వుంటే నా చెయ్యి నిలువదు."

ఆయన జనం మధ్యలోంచి నడిచి గేటు దాటి బయటికి వచ్చాడు. దాటుతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. మానస గ్లోరీ ముందు తల వంచుకుని నిలబడి ఉంది. గ్లోరీ ఏమీ అనకుండా తన సంచి విప్పి కొత్త బాణాలు తీసి ఆమె చేతిలో పెడుతోంది.

ప్రహరీ అవతల రాయి మీద కూర్చున్నాడు. లోపల ఈల మోగినప్పుడల్లా గేటు వైపు చూశాడు. బాణం దిగిన చప్పుడు అంత దూరం రాదు. అప్పుడప్పుడూ చప్పట్లు మాత్రం వినిపించాయి, ఎవరికో తెలియదు. గాలి దిశ మార్చుకుని మార్చుకుని కొడుతోంది. చాయ్ తాగమని దయాకర్ పిలిస్తే పోలేదు. ఎండ కాస్త పొడుచుకొచ్చి, మళ్లీ మబ్బు పట్టి, మధ్యాహ్నం దాటిపోయింది.

చివరికి గేటులోంచి జాషువా ఒక్కడే వచ్చాడు. ధర్మయ్య లేచి నిలబడ్డాడు. 

"మానస పేరొచ్చిందన్నా," అన్నాడు జాషువా. "మంచిగ కొట్టింది. బాణాలు అచ్చం చూసినకాడికే పోయినయ్."

ధర్మయ్య కళ్లు తడిశాయి. ఆ తడి ఆరకముందే అడగాల్సిన మాట గుర్తొచ్చింది. "గ్లోరీ?"

జాషువా మైదానం వైపు చూశాడు. "రాలే. దానియి పాత బాణాలు గద. ఈకలు అరిగినయ్. గాలికి నిలువలే."

"సార్, వచ్చే ఏడు..." అని ధర్మయ్య నోరు తెరిచి, అంతలోనే మూసేసుకున్నాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. వచ్చే ఏడు ఆ పిల్లకూ లేదు.

"మీ బిడ్డ పోతది గదన్నా," అన్నాడు జాషువా. "నేర్పింది నేనే."  పిల్లల విల్లులు సర్దాలని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

దయాకర్ ఎక్కడి నుంచో మిఠాయి డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పొద్దున అన్న మాటలన్నీ అప్పుడే మరిచిపోయాడు. మొదటి ముక్క బావ నోటికి అందించబోయాడు. ధర్మయ్య మొహం తిప్పుకున్నాడు. అప్పుడే గేటులోంచి పిల్లలిద్దరూ వస్తున్నారు. మానస ఏడుస్తోంది. గ్లోరీ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో సముదాయిస్తోంది. కన్నబిడ్డ గెలిచిన రోజున ధర్మయ్య తలెత్తి ఆమెను చూడలేకపోయాడు, ఆమె పక్కనున్న పిల్లను అసలే చూడలేకపోయాడు.